1934కి ముందు వచ్చిన హాలీవుడ్ మ్యూజికల్ రొమాంటిక్ కామెడీలు: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

పాతరీలు:

అందరికీ నమస్కారం. ఫ్రెడ్ ఆస్టేర్, జింజర్ రాజర్స్ జంట సినిమాలంటే నాకు ప్రాణం. వాటికన్నా ముందు హాలీవుడ్‌లో ప్రేమనీ, పాటల్నీ, నవ్వుల్నీ కలిపి ఎలా తీసేవాళ్లో చూద్దామని వెతుకుతుంటే 1932 నాటి 'లవ్ మీ టునైట్' దొరికింది. పారమౌంట్ సినిమా, డైరెక్టర్ రూబెన్ మమూలియన్, మారిస్ షెవాలియే, జానెట్ మెక్‌డొనాల్డ్ జంట. చూసినప్పటినుంచీ అదే ధ్యాసలో ఉన్నాను.

మొదటి కొన్ని నిమిషాలు చెప్తాను వినండి. తెల్లవారుతున్న పారిస్. వీధి ఖాళీగా ఉంది. ఒక పనివాడు వచ్చి రోడ్డు తవ్వడం మొదలుపెడతాడు, ఠంగు ఠంగుమని. ఎవరో గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. ఒకామె గుమ్మం ముందు ఊడుస్తోంది. చెప్పులు కుట్టేవాళ్లు సుత్తి పట్టారు. ఒక్కో చప్పుడూ వచ్చి ముందున్న చప్పుడుతో చేరి, చూస్తుండగానే ఊరంతా ఒకే తాళంలో పడిపోతుంది, ఆ తాళంలోంచే హీరో పాట లేస్తుంది. 

తర్వాత 'ఇజంట్ ఇట్ రొమాంటిక్' పాట ఇంకో అద్భుతం. హీరో దర్జీ. పెళ్లికొడుకు కాబోతున్న ఒక కస్టమర్‌కి సూటు వేసి చూపిస్తూ పాడతాడు. ఆ కస్టమర్ కూనిరాగం తీసుకుంటూ వీధిలోకి వెళ్తే టాక్సీ డ్రైవర్ అందుకుంటాడు, టాక్సీ ఎక్కిన సంగీత దర్శకుడు దాన్ని కాగితం మీద రాసుకుంటాడు, అతను రైల్లో పాడుతుంటే సైనికులు వింటారు, వాళ్లు కవాతు చేస్తూ పాడితే ఒక జిప్సీ వయొలిన్‌వాడు పట్టుకుంటాడు, చివరికి ఎక్కడో కోటలో బాల్కనీ మీద నిలబడ్డ రాకుమారి చెవిన పడుతుంది. హీరో హీరోయిన్లు ఇంకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, అయినా ఈ పాటతో ఇద్దరికీ ముడిపడిపోయింది. పాటలున్న సినిమాలే చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి సినిమాలో పాట రావడం మనకి వింత కాదు, కానీ పాట తీసేస్తే కథ అక్కడికక్కడే ఆగిపోయేలా అల్లడం నేను చాలా తక్కువ చూశాను.

నా సందేహాలు ఇవి. ఈ ఊపులో 1929లో వచ్చిన 'ద బ్రాడ్‌వే మెలడీ' కూడా చూశాను, ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చిన మొదటి టాకీ కదా అని. కానీ అందరూ బిగుసుకుపోయి నిలబడి మాట్లాడుతున్నట్టుంది, కెమెరా కదలదు. మూడేళ్లలో అక్కణ్ణుంచి ఇక్కడికి ఎలా వచ్చారు? ఇంకోటి, వీటిని 'ప్రీ-కోడ్' సినిమాలు అంటారు కదా, ఆ కోడ్ (సినిమాల్లో ఏం చూపించకూడదో చెప్పే నియమావళి) 1930లోనే వచ్చిందని చదివాను, మరి 1932 సినిమా ప్రీ-కోడ్ ఎలా అవుతుంది? అన్నిటికన్నా ముఖ్యంగా, తర్వాత ఏది చూడమంటారు?


గ్రామఫోన్:

పాతరీలు గారూ, మంచి సినిమాతో మొదలుపెట్టారు. 'లవ్ మీ టునైట్' ఆకాశంలోంచి ఊడిపడలేదండీ, దాని వెనక మూడేళ్ల పని ఉంది. అందులో ఎక్కువ భాగం డైరెక్టర్ ఎర్న్‌స్ట్ లూబిచ్ చేసి పెట్టినదే.

ముందు 1929 సంగతి. అప్పటి మైకులు కెమెరా తిరిగే రొదని కూడా పట్టేసేవి. అందుకని కెమెరానీ కెమెరామన్‌నీ కలిపి చప్పుడు బయటికి రాని ఒక గూడులో పెట్టి, అద్దంలోంచి షూట్ చేసేవారు. లోపల ఉడికిపోయేవారట పాపం. ఇక ఆ గూడు ఎలా కదులుతుంది? నటులేమో మైకు దాచిన చోటికి దూరం జరగడానికి వీల్లేదు. పాటలు కూడా అక్కడికక్కడే పాడాలి, ఆర్కెస్ట్రా సెట్లోనే పక్కన కూర్చుని వాయించాలి. మీరు చెప్పిన 'బ్రాడ్‌వే మెలడీ'లోనే 'ద వెడ్డింగ్ ఆఫ్ ద పెయింటెడ్ డాల్' అనే డాన్సు ఉంది చూడండి, దాన్ని మళ్లీ తీయాల్సి వచ్చినప్పుడు ఎంజీఎం సౌండ్ విభాగం పెద్ద డగ్లస్ షియరర్ ఒక మాటన్నాడు: పాట ఎలాగూ బాగా రికార్డయింది, దాన్నే సెట్లో వేసి డాన్సు మాత్రం మళ్లీ తీద్దాం అని. హాలీవుడ్‌లో ప్లేబ్యాక్ పద్ధతి అలా కాలూనింది. ముందే రికార్డు చేసిన పాట చేతిలో ఉంటే, ఆ షాట్ తీసేటప్పుడు మైకు గురించి టెన్షన్ లేదు, కెమెరాని గూట్లోంచి బయటికి తేవచ్చు.

ఇక లూబిచ్. బెర్లిన్‌లో పుట్టి, అక్కడే మూకీలతో పేరు తెచ్చుకుని 1922లో హాలీవుడ్ వచ్చాడు. మాట లేకుండా జోక్ చెప్పడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. 1929లో మొదటి టాకీగా 'ద లవ్ పరేడ్' తీస్తూ, అందరూ మాట వచ్చింది కదా అని గుక్కతిప్పుకోకుండా మాట్లాడిస్తుంటే, ఈయన మాట ఎక్కడ అక్కర్లేదో అక్కడ తీసేశాడు. మాటలు లేనిచోట మూకీ రోజుల్లోలాగే కెమెరాని వదిలేసి, శబ్దం తర్వాత కలిపాడు.

మొదటి సీన్ చూడండి. పారిస్‌లో షెవాలియే ఎవరి భార్యతోనో ఉంటాడు, భర్త లోపలికొస్తాడు. ఆవిడ చిన్న పిస్తోలు తీసి తనని తనే కాల్చుకుని పడిపోతుంది. భర్త ఏడ్చి, అదే పిస్తోలుతో షెవాలియేని కాలుస్తాడు. ఏమీ అవదు. ఇద్దరూ తెల్లబోయి చూస్తారు, అందులో ఉన్నవి ఉత్తుత్తి తూటాలు. ఆవిడ కూడా లేచి కూర్చుంటుంది. మొగుడూ పెళ్లాలు రాజీ పడిపోతారు. భర్త ఆవిడ గౌను వెనక హుక్కు పెట్టబోతే చేతకాదు, ఆవిడ విసుక్కుని షెవాలియే దగ్గరికి వెళ్లి నిలబడుతుంది, అతను చిటికెలో పెట్టేస్తాడు. వాళ్లు వెళ్లాక షెవాలియే ఆ పిస్తోలు పెట్టడానికి సొరుగు తెరుస్తాడు, లోపల అలాంటివే బోలెడు ఆడవాళ్ల పిస్తోళ్లు. ఆ మనిషి జీవితం మొత్తం ఒక్క సొరుగులో చూపించాడు, ఒక్క డైలాగు లేకుండా. 1929లో, కెమెరా గూట్లో ఉన్న రోజుల్లో.

తర్వాత ఇంకోచోట షెవాలియే ఒక కొంటె కథ చెప్పబోతాడు, అసలు ముక్క వచ్చేసరికి కెమెరా కిటికీ అవతలికి వెళ్లిపోతుంది. మనకి వినబడదు, మొహాలు మాత్రం కనిపిస్తాయి. ఆ మిగతాది మన బుర్ర పూరించుకుంటుంది. ప్రీ-కోడ్ అంటే ఒళ్లు చూపించడం అనుకుంటారు చాలామంది. వీటిలో ఉన్న అసలు ధైర్యం వేరండీ, ప్రేక్షకుడు పెద్దవాడు, లోకం తెలిసినవాడు అనుకుని తీశారు. ఆడదానికి కోరిక ఉంటుందని, పెళ్లయినంత మాత్రాన కథ అయిపోదని తెలిసినవాళ్ల కోసం తీశారు. పాటలు కూడా అందుకే అంత పని చేస్తాయి. మాటల్లో చెప్తే మొరటుగా వినిపించేది పాటలో పెడితే ముద్దుగా ఉంటుంది. 'లవ్ మీ టునైట్' పాటలు కట్టిన రాడ్జర్స్, హార్ట్ ఆ మర్మం బాగా పట్టుకున్నారు.

మీరు చూడాల్సిన వరస నా లెక్కలో: 'ద లవ్ పరేడ్', తర్వాత 'ద స్మైలింగ్ లెఫ్టినెంట్' (1931), తర్వాత 'వన్ అవర్ విత్ యూ' (1932). అవి చూసి మళ్లీ 'లవ్ మీ టునైట్' వేసుకోండి, మమూలియన్ లూబిచ్ దగ్గర ఏం తీసుకున్నాడో, సొంతంగా ఏం కలిపాడో తెలుస్తుంది. ఆ పారిస్ చప్పుళ్ల ఆలోచన మాత్రం పూర్తిగా మమూలియన్ సొంతం, 1927లో న్యూయార్క్ రంగస్థలం మీద 'పోర్గీ' నాటకంలోనే అలాంటిది చేశాడు.


నేలటికెట్:

గ్రామఫోన్ గారూ, మిగతా అంతా ఒప్పుకుంటాను కానీ 'ద లవ్ పరేడ్' మొదట చూడమనడం నాకు నచ్చలేదండీ. మొదటి సగం ఎంత గొప్పగా ఉంటుందో రెండో సగం అంత ఇబ్బంది పెడుతుంది. మెక్‌డొనాల్డ్ సిల్వేనియా అనే దేశానికి రాణి, షెవాలియే ఆవిణ్ని పెళ్లి చేసుకుని చేయడానికి పనేమీ లేని మొగుడిగా కూర్చుంటాడు. పెళ్లిలో పురోహితుడు భార్యాభర్తలు అనడం మానేసి ముందు భార్య, తర్వాత మగవాడు అన్నట్టు ప్రకటిస్తాడు, అక్కడిదాకా భలే సరదాగా ఉంటుంది. కానీ చివరికి రాణి తలవంచి, నువ్వే పెద్ద అని ఒప్పుకుంటేగానీ కథ కంచికి పోదు. ఆడదాని కోరిక గురించి ఇంత ఓపెన్‌గా మాట్లాడిన సినిమా, ఆడదాని అధికారం దగ్గరికి వచ్చేసరికి బెదిరిపోయింది. కొత్తవాళ్లు ఇది చూసి మిగతావి కూడా ఇంతేనేమో అనుకుంటారని నా భయం.

నన్నడిగితే 'మాంటీ కార్లో' (1930) ముందు చూడండి. షెవాలియే ఉండడు, లండన్ స్టేజీ నుంచి వచ్చిన జాక్ బుకానన్ హీరో, ఆయన అంత రుచించకపోవచ్చు. కానీ మెక్‌డొనాల్డ్ కోసం, ఒక్క రైలు పాట కోసం చూడాలి. ఆవిడ ఒక కౌంటెస్, ఇష్టంలేని పెళ్లి పీటల మీదినుంచి పారిపోయి, పెళ్లి గౌను అక్కడే వదిలేసి, లోపలి బట్టల మీద కోటు కప్పుకుని దొరికిన రైలెక్కేస్తుంది. ఎక్కడికెళ్తుందో ఆవిడకే తెలీదు. రైలు కదులుతుంది. ఆవిరి చప్పుడు, చక్రాలు, కూత, ఇవన్నీ మెల్లగా వేగం పుంజుకుని ఆర్కెస్ట్రాగా మారిపోతాయి, ఆవిడ కిటికీలోంచి 'బియాండ్ ద బ్లూ హొరైజన్' పాడుతుంటే పొలాల్లో పనిచేసేవాళ్లు చేతులూపుతూ గొంతు కలుపుతారు. 1930లో! చప్పుళ్లని పాటగా మార్చడం గురించి మీరు అంత మురిసిపోయారు కదా, పాతరీలు గారూ, అది మమూలియన్ కన్నా రెండేళ్ల ముందే తెరమీద ఇలా జరిగింది.


నలుపూతెలుపూ:

కోడ్ గురించి నేను చెప్తాను.

మీరు చదివింది నిజమే, 1930 మార్చి 31న స్టూడియోలన్నీ కోడ్‌ని ఒప్పుకున్నాయి. రాసినవాళ్లు ఫాదర్ డేనియల్ లార్డ్ అనే జెస్యూట్ మతగురువు, మార్టిన్ క్విగ్లీ అనే సినిమా పత్రికాధిపతి. దాన్ని ముందుకు తెచ్చింది స్టూడియోల సంఘం పెద్ద విల్ హేస్. కాగితం మీద అన్నీ ఉన్నాయి, వివాహేతర సంబంధాన్ని ఆకర్షణీయంగా చూపించకూడదు, శృంగారం మితి మీరకూడదు, ఇలా. కానీ ఎవరైనా కాదంటే ఏం చేయాలో మాత్రం గట్టిగా లేదు. సినిమాలు చూసి సలహా ఇచ్చే కమిటీ ఒకటుండేది, అది కుదరదంటే స్టూడియో అప్పీలుకి వెళ్లొచ్చు, ఆ అప్పీలు వినేది మిగతా స్టూడియోల నిర్మాతలే. ఇవాళ నీ సినిమా నేను ఆపితే రేపు నా సినిమా నువ్వు ఆపుతావు, ఇంకెవరు ఆపుతారు?

పైగా ఆర్థిక మాంద్యం. థియేటర్లు ఖాళీ అవుతున్నాయి, జనాన్ని రప్పించాలంటే కాస్త ఘాటు కావాలి. అలా నాలుగేళ్లు నడిచింది. 1933-34లో క్యాథలిక్ బిషప్పులు లీజియన్ ఆఫ్ డీసెన్సీ పెట్టి, ఇలాంటి సినిమాలు చూడబోమని భక్తులతో ప్రతిజ్ఞలు చేయించడం మొదలుపెట్టాక స్టూడియోలకి వణుకు పుట్టింది. 1934 జులై నుంచి జోసెఫ్ బ్రీన్ చేతికి పగ్గాలొచ్చాయి. ఆయన ఆఫీసు ముద్ర లేకుండా సినిమా విడుదల చేస్తే 25,000 డాలర్ల జరిమానా. అక్కడితో అసలు కోడ్ మొదలైనట్టు. అందుకే 1930 నుంచి 34 మధ్యలో ఉన్నవి, కోడ్ ఉన్నా సరే, ప్రీ-కోడ్ అనే అంటారు.

నాకు అన్నిటికన్నా మనసు చివుక్కుమనే విషయం ఇంకోటుంది. 1934 తర్వాత పాత సినిమాలు మళ్లీ విడుదల చేయాలన్నా ఆ ముద్ర కావాలి. అందుకోసం కత్తెర వేశారు, చాలాసార్లు అసలు నెగెటివ్‌కే వేశారు. మీరు చూసిన 'లవ్ మీ టునైట్' పూర్తి సినిమా కాదండీ. 'మిమీ' పాట ఉంది కదా, దాన్ని కోటలో ఉన్నవాళ్లంతా పొద్దున్నే ఒకరి తర్వాత ఒకరు పాడతారు, సి. ఆబ్రీ స్మిత్ అంత పెద్దమనిషి కూడా రాత్రి చొక్కాలో ఉత్సాహంగా పాడతాడు. అందులో మిర్నా లోయ్ వంతు కూడా ఉండేది. ఆవిడ వేసుకున్న నైట్ గౌను మరీ పల్చగా ఉందని ఆ ముక్క తీసేశారు. ఆ కోసేసిన భాగాలు ఇవాళ్టికీ దొరకలేదు. ఎక్కడైనా ఒక పాత ప్రింటు బయటపడుతుందేమోనని ఇప్పటికీ ఆశపడుతుంటాను. లూబిచ్ తీసిన 'ట్రబుల్ ఇన్ ప్యారడైజ్' (పాటల సినిమా కాదు, కానీ అదే తరహా) పరిస్థితి ఇంకా అన్యాయం, 1935లో మళ్లీ విడుదలకి అనుమతి ఇవ్వకపోతే 1968 దాకా జనానికి కనిపించలేదు.

జానెట్ మెక్‌డొనాల్డ్ మీద దీని ప్రభావం చూస్తే అర్థమవుతుంది. 1935 నుంచి ఎంజీఎంలో నెల్సన్ ఎడ్డీతో చేసిన సినిమాలతో చాలామందికి ఆవిడ తెలుసు, పద్ధతిగా నిలబడి కంఠం విప్పి పాడే గాయనిగా. గొంతు అద్భుతమే. కానీ లూబిచ్ దగ్గర ఉన్న ఆ చిలిపి కళ్లు, తనని తనే సరదాగా చూసుకునే తీరు అక్కడ కనిపించవు. 'లవ్ మీ టునైట్'లో దర్జీ ఆవిడ కొలతలు తీసుకునే సీన్ గుర్తు తెచ్చుకోండి. గుర్రపు స్వారీ దుస్తులు కుట్టాలి కాబట్టి టేపు పెట్టి కొలుస్తుంటాడు, అంతే. ఇద్దరి మొహాల్లో నడిచేది మాత్రం కొలతల గురించి కాదు. అలాంటి సీను బ్రీన్ టేబుల్ దాటి వచ్చేదని నేననుకోను.


సాయంత్రంఆట:

అందరూ పారమౌంట్, పారిస్, రాకుమార్తెలు అంటున్నారు. వార్నర్ బ్రదర్స్ వాళ్లని వదిలేస్తే ఎలా?

1930 చివరికొచ్చేసరికి జనానికి మ్యూజికల్స్ మొహం మొత్తాయి. ప్రతి స్టూడియో ఎడాపెడా తీసేసింది మరి. పరిస్థితి ఎంతవరకూ వచ్చిందంటే తీసిన సినిమాల్లోంచి పాటలు కోసేసి మామూలు కామెడీలుగా వదిలారు. డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ 'రీచింగ్ ఫర్ ద మూన్'కి ఇర్వింగ్ బెర్లిన్ అంతటివాడు రాసిన పాటలు దాదాపు అన్నీ ఎగిరిపోయాయి. అలాంటి రోజుల తర్వాత 1933లో 'ఫార్టీ సెకండ్ స్ట్రీట్' వచ్చి మళ్లీ ప్రాణం పోసింది. బస్బీ బర్క్‌లీ డాన్సులు, హ్యారీ వారెన్, అల్ డూబిన్ పాటలు.

కానీ మీరడిగింది రొమాంటిక్ కామెడీ కాబట్టి అదే ఏడాది వచ్చిన 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933' చూడండి. మొదలే చూడండి ఎలా ఉంటుందో. జింజర్ రాజర్స్, మీ జింజర్ రాజర్సే, పెద్ద పెద్ద డాలర్ నాణేలు కట్టుకుని 'వీ ఆర్ ఇన్ ద మనీ' పాడుతుంటుంది, మాకు డబ్బే డబ్బు, కరువు పోయింది అని. మధ్యలో అక్షరాలు అటూ ఇటూ మార్చిన పిల్లల దొంగభాషలో కూడా పాడేస్తుంది. అది రిహార్సలని మనకి తెలిసేలోపు బాకీలవాళ్లు పోలీసులతో వచ్చి సెట్లూ, కట్టుకున్న బట్టలూ లాక్కుపోతారు. షో బంద్. తర్వాతి సీన్లో పనిలేని ముగ్గురు డాన్సర్లు ఒకే గదిలో సర్దుకుని పడుకుని ఉంటారు, పొద్దున్న పక్కింటివాళ్ల పాలసీసా దొంగిలిస్తేగానీ కడుపులోకి ఏమీ లేదు. 

ఆ ముగ్గురు, అంటే జోన్ బ్లాండెల్, ఎలైన్ మక్‌మాన్, రూబీ కీలర్, వాళ్ల ప్రేమకథలే మిగతా సినిమా. బోస్టన్ నుంచి డబ్బున్న పెద్దమనుషులు వచ్చి, ఈ షో అమ్మాయిలంతా డబ్బు కోసం వలేసే రకం అని మాట తూలితే, బ్లాండెల్, మక్‌మాన్ ఇద్దరూ సరే అయితే అలాగే కానివ్వండి అని వాళ్లతో ఖరీదైన టోపీలు కొనిపించి ఆటాడిస్తారు. బ్లాండెల్ అవమానంతో కోపంగా మొదలుపెట్టి, ఆ మనిషి మీదే మనసు పడి, ఆ పడటం తనకే చిరాకుగా ఉండటం, అదంతా కళ్లలో చూపిస్తుంది. ఎంత మంచి నటో చెప్పలేను. చివరి పాట 'రిమెంబర్ మై ఫర్‌గాటన్ మ్యాన్', మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చిన సైనికులు ఉచిత రొట్టె కోసం వరసలో నిలబడటం. రొమాంటిక్ కామెడీని అలా ముగించడానికి ఎంత గుండె కావాలి! ఆకలి అనేది రాకుమార్తెల కోటల్లో కనిపించదు కదా.


గ్రామఫోన్:

సాయంత్రంఆట గారూ, 'గోల్డ్ డిగ్గర్స్' నాకూ చాలా ఇష్టం, అయితే అక్కడ పాటలు స్టేజీ మీద ఉంటాయి, కథ స్టేజీ వెనక ఉంటుంది. పాతరీలు గారిని పట్టుకున్నది ఈ రెండూ విడదీయలేని తీరు. ఒక పాత్ర నడుస్తూ నడుస్తూ పాటలోకి జారిపోవడం, ఆ పాట అయ్యేసరికి కథ ఒక అడుగు ముందుకి పడటం. ఇది వార్నర్ సినిమాల్లో దాదాపు ఉండదు. ఆకలి విషయంలో మాత్రం మీ మాటకి అడ్డు చెప్పను, ఆ పాలసీసా సీన్ ఎన్నిసార్లు చూసినా గొంతు పట్టేస్తుంది.

నేలటికెట్ గారూ, 'లవ్ పరేడ్' ముగింపు గురించి మీతో వాదించను. అది నాకూ గుచ్చుకుంటుంది. అయినా మొదట అదే చూడమంటాను, ఎందుకంటే ఆ ముగింపు తర్వాత లూబిచ్ ఊరుకోలేదు, 'స్మైలింగ్ లెఫ్టినెంట్'లో ఇద్దరు ఆడవాళ్ల మధ్య సీన్‌తో దాన్ని చాలా దూరం తీసుకెళ్లాడు.


పాతరీలు:

ఇన్ని వివరాలు చెప్పినందుకు అందరికీ థాంక్స్. నేలటికెట్ గారి మాట విని ముందు రైలు పాట చూశాను, నోరు తెరుచుకుని ఉండిపోయాను. నిన్న రాత్రి 'ద స్మైలింగ్ లెఫ్టినెంట్' పూర్తి చేశాను.

గ్రామఫోన్ గారూ, మీరన్న ఆ సీన్ వచ్చేదాకా కథ నాకు తేలికగానే అనిపించింది. వియన్నాలో లెఫ్టినెంట్ షెవాలియే రోడ్డుకి అవతలున్న ప్రియురాలు క్లాడెట్ కోల్బర్ట్‌ని చూసి నవ్వి కన్ను కొడతాడు, సరిగ్గా అప్పుడే మధ్యలోంచి రాజుగారి బండి వెళ్లడం, రాకుమారి మిరియం హాప్కిన్స్ అది తనకే అనుకోవడం, ఇక తప్పక పెళ్లి. పెళ్లిరాత్రి అతను గుడ్ నైట్ చెప్పి వెళ్లిపోతే, పాపం వాళ్ల నాన్న వచ్చి కూతురితో చెకర్స్ ఆడతాడు. అక్కడ నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆ పిల్లని చూస్తే బాధేసింది. తర్వాత భార్య, ప్రియురాలు ఎదురెదురు పడతారు. చెంపదెబ్బలు, ఏడుపులు. అక్కణ్ణుంచి జుట్లు పట్టుకుంటారనుకున్నాను. కోల్బర్ట్ ఆ రాకుమారి లోపలి బట్టలు చూసి, ఇవేం బట్టలమ్మా అని జాలిపడి, పియానో దగ్గర కూర్చుని మొగుణ్ని ఎలా ఆకట్టుకోవాలో పాటలో నేర్పిస్తుంది. నేర్పించి తను వెళ్లిపోతుంది. సినిమా హ్యాపీగానే ముగుస్తుంది, కానీ నేను కోల్బర్ట్ వెంటే వెళ్లిపోయాను. ఆవిడకి జరిగిన నష్టం గురించి సినిమా ఒక్క కన్నీటి డైలాగు కూడా చెప్పించదు, అందుకే ఇంకా ఎక్కువ తగిలింది.

ఇప్పుడు 'వన్ అవర్ విత్ యూ' చూడబోతున్నాను. కాపీల సంగతి చెప్పండి, మంచి ప్రింట్లు ఎక్కడ దొరుకుతాయి? ఆ తర్వాత ఇంకా ఏమైనా ఉన్నాయా, లేక అక్కడితో అయిపోయినట్టేనా?


నేలటికెట్:

కోల్బర్ట్ గురించి రాసింది చదివి మళ్లీ చూడాలనిపించిందండీ. అవును, ఆ సినిమాలో అందరికన్నా పెద్దమనసు ఆవిడదే.


నలుపూతెలుపూ:

లూబిచ్ పారమౌంట్ మ్యూజికల్స్ నాలుగూ, అంటే 'లవ్ పరేడ్', 'మాంటీ కార్లో', 'స్మైలింగ్ లెఫ్టినెంట్', 'వన్ అవర్ విత్ యూ', కలిపి, మంచి సినిమాల్ని డీవీడీలుగా తెచ్చే క్రైటీరియన్ వాళ్లు ఎక్లిప్స్ అనే వరసలో 2008లో డీవీడీ సెట్‌గా తెచ్చారు. ప్రింట్లు కొత్తగా మెరిసిపోవు, గీతలుంటాయి, కానీ చూడటానికి బాగానే ఉంటాయి, మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. 1929లో విడుదలైన సినిమాలకి అమెరికాలో కాపీరైట్ 2025 జనవరి 1తో తీరిపోయింది కాబట్టి 'లవ్ పరేడ్' ఆన్‌లైన్‌లో తేలిగ్గానే దొరుకుతుంది. కాకపోతే ఎవరుపడితే వాళ్లు పెట్టిన కాపీల్లో సౌండ్ మరీ బొంగురుగా ఉంటే చూడకండి, ఈ సినిమాల్లో సగం అందం చెవులదే.

రంగుల విషయంలో ఒక చేదు నిజం చెప్పాలి. 1929-30 మ్యూజికల్స్ కొన్ని రెండు రంగుల టెక్నికలర్‌లో తీశారు, వాటిలో చాలా పోయాయి. 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ బ్రాడ్‌వే' (1929) అప్పట్లో బ్రహ్మాండంగా ఆడింది, ఇప్పుడు చివరి రీళ్లే మిగిలాయి. మీరు చూసిన 'బ్రాడ్‌వే మెలడీ'లో కూడా పెయింటెడ్ డాల్ డాన్సు రంగుల్లో ఉండేది, ఇప్పుడు నలుపు తెలుపుల్లోనే ఉంది. మీకు అది వెలిసిపోయినట్టు అనిపించడానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు.

'వన్ అవర్ విత్ యూ' చూసేటప్పుడు మొదటి సీన్ మిస్ కావద్దు. పారిస్ పార్కులో ప్రేమజంటల్ని తరిమేయమని పోలీసులకి ఆర్డరు, అదీ ప్రాసలో. ఒక పోలీసు ముద్దు పెట్టుకుంటున్న జంటని పట్టుకుంటే వాళ్లు మేం మొగుడూపెళ్లాలం అంటారు, అతను నమ్మడు. పెళ్లయినవాళ్లు పార్కులో ముద్దు పెట్టుకోవడమేంటని. షెవాలియే తిన్నగా కెమెరాలోకి చూసి మన సలహా అడుగుతాడు, భార్య స్నేహితురాలు వెంటపడుతోంది, నా స్థానంలో మీరైతే ఏం చేసేవారు అని పాట పాడి మరీ అడుగుతాడు. దీన్ని జార్జ్ క్యూకర్ మొదలుపెట్టాడు, లూబిచ్ మధ్యలో వచ్చి పగ్గాలు తీసుకున్నాడు, డైరెక్టర్‌గా ఎవరి పేరు వేయాలన్న విషయంలో క్యూకర్ కోర్టుకి కూడా వెళ్లాడు. తెరమీద మాత్రం ఆ అతుకు కనిపించదు.

ఇంకా ఏమైనా ఉన్నాయా అన్నారు. 1933లో 'హల్లెలూయా, ఐయామ్ ఎ బమ్' ఉంది, అల్ జోల్సన్ హీరో, రాడ్జర్స్, హార్ట్‌లు మాటల్ని కూడా ప్రాసలో నడిపించారు, న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఇల్లూవాకిలీ లేనివాళ్ల కథ. సాయంత్రంఆట గారికి కూడా నచ్చుతుంది, ఆకలీ ఉంది, కథలో కలిసిన పాటా ఉంది. 1933 చివర్లో 'ఫ్లైయింగ్ డౌన్ టు రియో' ఉంది, మీ ఆస్టేర్, రాజర్స్ మొట్టమొదటిసారి కలిసి డాన్సు చేసింది అందులోనే, హీరో హీరోయిన్లు వేరేవాళ్లు.

చివరగా 1934లో 'ద మెర్రీ విడో', ఎంజీఎంలో లూబిచ్, షెవాలియే, మెక్‌డొనాల్డ్ ముగ్గురూ ఆఖరిసారి కలిసింది. అది విడుదలయ్యేసరికి బ్రీన్ కుర్చీలో కూర్చున్నాడు, కొన్ని ముక్కలు పోయాయి. అయినా చూడండి. అద్దాల హాల్లో జంటలు వాల్ట్జ్ చేస్తూ గుంపులు గుంపులుగా ద్వారాల్లోంచి దూసుకొచ్చే సీన్ పెద్ద తెర మీద చూడగలిగితే ఇంకా మంచిది. తర్వాతి ఏడాదిలోనే షెవాలియే హాలీవుడ్ వదిలి ఫ్రాన్స్ వెళ్లిపోయాడు, లూబిచ్ పారమౌంట్ నిర్మాణ విభాగానికి పెద్దగా వెళ్లాడు. మళ్లీ మ్యూజికల్ మొదలుపెట్టింది 1947లో, 'దట్ లేడీ ఇన్ ఎర్మిన్', అది పూర్తి కాకుండానే చనిపోయాడు, మిగతాది ఆటో ప్రెమింజర్ తీశాడు.

'వన్ అవర్ విత్ యూ' చూశాక ఇక్కడే రాయండి. భార్యగా మెక్‌డొనాల్డ్ ఎలా అనిపించిందో మీ నోట వినాలనుంది.